పడిపోయిన చేయి మళ్ళీ నేర్చుకొనుట

సూర్యాపేట జిల్లాలో, కోదాడకు సమీపంలో అనంతగిరి అనే గ్రామం ఉన్నది. 2016లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇది మండల కేంద్రమైనది. ఈ గ్రామంలో గాని, ఇటువంటి మరే గ్రామంలో గాని ఒక పెద్దమనిషికి పక్షవాతం వచ్చినదనుకొందాం. నిన్నటివరకు పొలానికి నీరు కట్టిన కుడిచేయి ఈనాడు పైకి లేవదు. మూతి వంకర పోయినది. మాట ముద్దగా వస్తున్నది. ఇరుగుపొరుగువారు వచ్చి చూస్తారు. ఒకరు పావురాయి నెత్తురు పట్టించమంటారు. మరొకరు ఫలానా ఊరిలో పసరు పోస్తారంటారు. కొన్నాళ్ళకు ఆయన మంచం వసారాలో ఒక మూలకు చేరుతుంది. ‘ఇక ఆ చేయి ఇంతే’ అన్న మాట ఆ ఇంటిలో స్థిరపడిపోతుంది.

ఈ మాట పల్లెవారు మాత్రమే అన్నది కాదు. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం ఇదే అన్నారు. ఆ మాట ఎట్లు పుట్టినది, ఎట్లు సడలినది, దాని స్థానంలో ఈనాడు ఏమి నిలిచినది అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచిన విషయం.

పక్షం అనగా ఒక ప్రక్క. శరీరంలో ఒక ప్రక్క పడిపోవు ఈ వ్యాధిని చరకసంహిత పక్షవధమనీ, సుశ్రుతసంహిత పక్షాఘాతమనీ పేర్కొన్నవి. వాతం చెడుటయే దీనికి కారణమని మన పూర్వులు భావించారు. గ్రీకులు దీనిని అపోప్లెక్సీ అన్నారు. కొట్టి పడవేసినట్లగుట అని దాని భావం. ఇద్దరూ పడిన శరీరాన్ని చక్కగానే వర్ణించారు. కాని లోపం ఎక్కడ ఉన్నదో చూడగల సాధనం వారికి లేదు.

1658లో స్విట్జర్లండుకు చెందిన యోహాన్ వెప్ఫర్ అనే వైద్యుడు, ఈ వ్యాధితో మరణించిన వారి శవాలను పరీక్షించి, మెదడులో రక్తం చిమ్మి ఉండుటను గ్రంథస్థం చేశాడు. మెదడుకు రక్తం అందకపోయినా ఈ వ్యాధి రావచ్చునని కూడా అతడు గ్రహించాడు. రెండు వందల ఏండ్ల తరువాత జర్మనీలో రుడాల్ఫ్ విర్షో, రక్తం గడ్డకట్టి నాళాలను ఎట్లు మూసివేయునో వివరించాడు. ఈనాడు మనకు తెలిసినది ఇదే: మెదడులోని రక్తనాళం మూసుకొనిపోవచ్చు, లేదా చిట్లవచ్చు. మూసుకొనిపోవుటయే ఎక్కువగా జరుగుతుంది. ప్రాణవాయువు అందని నరకణాలు నిమిషాలలో నశించుట మొదలగును. మెదడు నుండి వచ్చే నరాల దారులు చాలావరకు మెడ పైభాగాన అటుదిటు, ఇటుదటు మారును గనుక ఎడమ మెదడు దెబ్బతింటే కుడిచేయి పడిపోతుంది.

1861లో పారిస్ నగరంలో పాల్ బ్రోకా మరొక ముఖ్య విషయాన్ని బయటపెట్టాడు. ‘టాన్’ అన్న ఒక్క శబ్దం తప్ప దాదాపు ఏమీ పలుకలేని రోగి మరణించగా, అతని మెదడును పరీక్షించాడు. ఎడమవైపు ముందుభాగంలో గాయం కనిపించినది. ఒక్కొక్క పనికి మెదడులో ఒక్కొక్క స్థానం ఉన్నదన్న భావం దీనితో బలపడినది.

ఇక్కడనే ఒక పొరపాటుకు దారి ఏర్పడినది. పెద్దవారి మెదడులో నశించిన నరకణాలు తిరిగి పుట్టవని నాటి శాస్త్రజ్ఞులు చెప్పారు. అది చాలావరకు నిజమే. ‘కణం పోయినది గనుక పని కూడా శాశ్వతంగా పోయినది’ అని తరువాత వారు చేసిన నిర్ణయం మాత్రం నిజం కాదు. కాని ఈ రెండు మాటలూ ఒకటేనని ఎంచి వైద్యులు రోగిని మంచం మీద పడుకోబెట్టి, విశ్రాంతి పేరుతో ఊరకుండిరి.

అయినా లోకంలో ఎదురు నిదర్శనాలు లేకపోలేదు. 1868 అక్టోబరులో లూయీ పాస్చర్‌కు 45వ ఏట ఎడమ ప్రక్క పక్షవాతం వచ్చినది. ఆ ఎడమచేయి ఎన్నడూ పూర్తిగా స్వాధీనం కాలేదు. అయినను ఆయన వ్యాధి వచ్చిన కొద్ది దినాలకే మంచం మీద నుండి పరిశోధన విషయాలు చెప్పి వ్రాయించాడు, తిరిగి నడిచాడు. 1885లో పిచ్చికుక్క కాటుకు టీకా వేసి ఒక బాలుని కాపాడినది ఈ పాస్చరే. కోలుకొనుట అంటే వెనుకటి శరీరం యథాతథంగా తిరిగి వచ్చుట మాత్రమే కాదు. మిగిలిన దానితో జీవితాన్ని మళ్ళీ నడుపుకొనుట కూడా అని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ప్రయోగ నిదర్శనం 1917లో అమెరికాలో లభించినది. రాబర్ట్ ఆగ్డెన్, షెపర్డ్ ఐవరీ ఫ్రాంజ్ అనువారు, మెదడు గాయంతో ఒక ప్రక్క పడిపోయిన కోతులను పరిశీలించారు. ఊరక వదిలివేసిన కోతి మంచి చేతితోనే పనులన్నీ చేసుకొనును. పడిన చేయి అట్లే ఉండును. మంచి చేతిని కట్టివేసి, పడిన చేతికి పని కల్పించినప్పుడు కొద్ది వారాలలోనే అది ఉపయోగంలోకి వచ్చినది. ఈ ఫలితాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకొనలేదు.

1996లో రాండల్ నూడో బృందం చేసిన ప్రయోగం దీని కారణాన్ని చూపినది. వారు కోతుల మెదడులో చేతిని నడిపే భాగంలో చిన్న గాయం కలిగించారు. శిక్షణ లేని కోతులలో, గాయం చుట్టూ ఆరోగ్యంగా మిగిలిన భాగం కూడా చేతి పనిని క్రమంగా వదిలివేసినది. శిక్షణ పొందిన కోతులలో ఆ భాగం నిలిచినది. కొన్నింటిలో మోచేతిని, భుజాన్ని నడిపే చోటులోనికి కూడా చేతి పని విస్తరించినది. మన పాఠశాలల నుండియే దీనికి ఒక పోలిక చెప్పవచ్చును. ఒక ఉపాధ్యాయుడు శాశ్వతంగా వెళ్ళిపోయినాడు. పిల్లలు రోజూ వచ్చి తరగతిలో కూర్చుంటే ప్రక్క తరగతి ఉపాధ్యాయుడు ఆ పాఠం కూడా చెప్పుట నేర్చుకొనును. పిల్లలనే ఇంటికి పంపివేస్తే, ఆ గది సామానుల కొట్టుగా మారును. పడిన చేతిని కదలించని ఇంటిలో జరుగునది ఇదే.

ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని ‘వాడకపోవుటను నేర్చుకొనుట’ అన్నాడు. ఆయన భావంపై ఆధారపడిన పెద్ద పరిశీలన ఫలితాలు 2006లో వెలువడినవి. పక్షవాతం వచ్చి 3 నుండి 9 నెలలు గడిచిన 222 మందిని అందులో చేర్చుకొన్నారు. వారిలో కొందరి మంచి చేతికి రెండు వారాలపాటు మెలకువగా ఉన్న కాలంలో చాలాభాగం తొడుగు వేసి, బలహీనమైన చేతితో పనులు చేయించారు. మామూలు వైద్యం పొందిన వారికంటె వీరి చేతులు మెరుగైనవి. ఆ మెరుగు ఏడాది తరువాత కూడా నిలిచినది. అయితే మణికట్టును, వ్రేళ్ళను కొంతైనా కదల్చగల వారికే ఈ పద్ధతి పనికివచ్చును.

ఈ చరిత్రలో మన హైదరాబాదుకు కూడా ఒక పుట ఉన్నది. నగరంలోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో 2006 నుండి 2013 వరకు నమోదైన 608 మంది రోగులను సువర్ణ అల్లాడి బృందం పరిశీలించినది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసి వినిపించే నగరమిది. పక్షవాతం తరువాత జ్ఞాపకం, ఆలోచన మొదలైన శక్తులు చెడకుండా నిలిచినవారు ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం కాగా, రెండు లేదా అంతకంటె ఎక్కువ భాషలు వచ్చినవారిలో 40.5 శాతం. మాట కోల్పోయిన వారి పాలు మాత్రం రెండు వర్గాలలో ఇంచుమించు సమానమే. ఈ తేడాకు భాషయే ఏకైక కారణమని ఒక్క పరిశీలనతో తేల్చలేము. కాని జీవితమంతా చేసిన మానసిక వ్యాయామం ఆపదలో మెదడుకు నిల్వ ధనం వలె ఉపయోగపడవచ్చునన్న భావానికి ఇది బలమిచ్చినది.

నేర్పితే చేయి నేర్చుకొనును అన్నంతమాత్రాన ఎట్లు నేర్పినా సరిపోదు. 2015లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలనలో 2104 మంది పాల్గొన్నారు. మొదటి 24 గంటలలోనే రోగిని మాటిమాటికి లేపి ఎక్కువగా నడిపించిన పద్ధతి మేలు చేయకపోగా, ఫలితాలను కొంత తగ్గించినది. 2017లో మన దేశంలోని 14 ఆసుపత్రుల పరిశీలన ఫలితాలు వచ్చినవి. అందులో 1250 మందిని చేర్చుకొని, కొందరి కుటుంబ సభ్యులకు వ్యాయామాలు నేర్పి ఇంటికి పంపారు. ఆరు నెలల తరువాత మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు రెండు వర్గాలలోను 47 శాతమే. ఇంటివారి ప్రేమ అవసరమే. కాని శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు స్థానాన్ని అది ఒక్కటే భర్తీ చేయలేదు. పాఠ్యపుస్తకం ఇంటికి పంపి బడి మూసివేస్తే చదువు సాగునా?

ఇప్పుడు మళ్ళీ అనంతగిరికి వద్దాం. కోదాడ నుండి హైదరాబాదు 170 కిలోమీటర్లకు పైగా ఉన్నది. రక్తపు గడ్డను కరిగించు మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపల, అదీ తలను స్కాన్ చేసిన తరువాతనే ఇవ్వవలెను. కనుక మూతి వంకర, చేయి బలహీనత, మాట తడబాటు కనిపించిన వెంటనే సమయం చూసుకొని 108కు ఫోన్ చేయవలెను. పసరుకై తిరిగిన గంటలు తిరిగి రావు. ప్రాణం నిలిచిన తరువాత రెండవ పని మొదలగును. మొదటి మూడు నుండి ఆరు నెలలలో మార్పు వేగంగా ఉండును; తరువాత నెమ్మదించును గాని ఆగిపోవలెనని లేదు. పడిన చేతిని పట్టుకొని రోగిని లాగి లేపరాదు, భుజం దెబ్బతినును. వైద్యుడు మ్రింగుడు పరీక్షించకముందు నోటిలో నీరైనను పోయరాదు.

వసారాలోని ఆ మంచం దగ్గరకు మన విద్యార్థులు ఒక్క ప్రశ్నతో వెళ్ళవలెను: ఈ రోజు ఆ చేతితో తాతగారు ఏమి చేశారు? గ్లాసు పట్టుకొన్నారా, చొక్కా గుండీ తాకారా, శనగగింజ ఏరారా? పోయిన కణం తిరిగి రాదు. కాని మిగిలిన కణం ఇంకను విద్యార్థియే. దానికి పాఠం చెప్పువారు కావలెను.