మందావు: దయాకుల ఖడ్గము

ప్రపంచ ద్వీపములలో విస్తీర్ణమును బట్టి బోర్నియో మూడవది. నేడది ఇండోనీషియా, మలేషియా, బ్రూనై అను మూడు దేశములకు చెందియున్నది. అందలి నదుల వెంబడిని, అడవులలోను తరతరములుగా నివసించుచున్న కయాన్, ఇబాన్, న్గాజు మున్నగు పెక్కు జాతులకు కలిపి దయాకులని పేరు. వారి ఖడ్గమును ‘మందావు’ అందురు.

పూర్వము ఈ జాతులలో కొన్నిటికి శత్రువుల శిరస్సులను ఖండించి తెచ్చు ఆచారముండెను. 1881లో కార్ల్ బాక్ అను యూరపు యాత్రికుడు ఇంగ్లీషున ప్రకటించిన గ్రంథమునకు ‘బోర్నియో శిరోవేటగాండ్రు’ అనియే పేరు పెట్టెను. ఇట్టి గ్రంథముల మూలమున బయటి లోకము దయాకులను ఈ ఒక్క ఆచారముతోను, మందావును ఈ ఒక్క పనితోను గుర్తించుచు వచ్చినది. ఆ ఖడ్గమును కొంచెము దగ్గరగా పరిశీలించినచో మనకు వేరు సంగతులు కూడ కనబడును.

మందావు రెండు ముఖములును ఒక్క తీరున నుండవు. ఒకవైపు కొంచెము ఉబ్బుగాను, రెండవవైపు కొంచెము లోతుగాను ఉండును. అందుచే కుడిచేతివానికై చేసిన ఖడ్గము ఎడమచేతివానికి అక్కరకు రాదు. పిడిని సాధారణముగా జింకకొమ్ముతో చెక్కి, వెండ్రుకల కుచ్చులతో అలంకరింతురు. ఒర రెండు చెక్కబద్దలను జోడించి పేముతో బిగించి కట్టినది. ఆ ఒర ప్రక్కనే మరియొక చిన్న ఒరలో సన్నని చాకు ఉండును. పేము చీల్చుటకు, కొయ్య చెక్కుటకు, కొమ్ముపై నగిషీలు తీర్చుటకు ఆ చాకే సాధనము. ప్రాణము తీయు కత్తియు, పనిచేయు కత్తియు ఒకే మొలకట్టున వ్రేలాడుట గమనింపదగిన విషయము.

ఆ కమ్మరుల నేర్పును తక్కువది కాదు. మన పల్లెలలో కొలిమికి తోలుతిత్తి వాడుక. బోర్నియో కమ్మరి నిలువుగా నిలిపిన కొయ్య గొట్టములలో పక్షి ఈకలు చుట్టిన ముషలములను పైకిని క్రిందికిని ఆడించి గాలి ఊదును. తొలుత స్థానికముగా దొరకు ఖనిజమునుండియే ఇనుమును తీసెడివారు. తరువాత వర్తకులు తెచ్చిన ఇనుము వాడుకలోనికి వచ్చినది. కొన్ని ఖడ్గములపై ఇత్తడి పొదుగుట కూడ కలదు.

శిరస్సుల వేటకు కేవలము క్రౌర్యమే కారణము కాదు. పగ తీర్చుకొనుటయు, పరాక్రమమునకు గుర్తింపు పొందుటయు అందు చేరియుండెను. కొన్నిచోట్ల పెద్దలు మరణించినపుడు పట్టిన మైల తీరవలెనన్నను శిరస్సు కావలసియుండెను. కాని చంపబడినవాని బంధువులకు ఈ కారణములు ఊరట కాజాలవు. పగకు పగ పుట్టి, ఊళ్లు ఊళ్లను నమ్మలేని స్థితి ఏర్పడినది.

1894లో కహాయన్ నది ఎగువనున్న తుంబాంగ్ అనోయి గ్రామమున, దామాంగ్ బతు అను పెద్ద ఆతిథ్యమున, పెక్కు ప్రాంతముల దయాకు నాయకులు సమావేశమైరి. వారాలతరబడి సాగిన ఆ సభలో శిరస్సుల వేటను, పరస్పర యుద్ధములను, బానిసత్వమును మానుటకు ఒడంబడిక జరిగినది. ఈ సభకు ప్రోద్బలము చేసిన డచ్చివారికి తమ పాలనను విస్తరింపజేసికొను స్వార్థము లేకపోలేదు. అయినను ఆ మాటను తమ ఊళ్లకు కొనిపోయి నిలుపవలసిన బరువు ఆ నాయకులదే అయినది.

ఆ కథ అంతటితో ముగిసినదని చెప్పగలిగిన బాగుండెడిది. 2001 ఫిబ్రవరిలో అదే మధ్య కాలిమంతాన్ రాష్ట్రమున, సంపీత్ పట్టణమున, దయాకులకును మదురా ద్వీపమునుండి వచ్చి స్థిరపడినవారికిని ఘర్షణ చెలరేగి వందలకొలది జనము మడిసిరి. వేలకొలది కుటుంబములు ఇల్లు విడిచి పారిపోయెను. ఒరలోని మందావులు మరల బయటికి వచ్చినవి.

నేడు మందావు నృత్యములలో మెరయుచున్నది, ఇండ్లలో తాతల ఆస్తిగా భద్రముగా నున్నది. దానిని ఒరలో ఉంచినది ఇనుము గుణము కాదు. మనుష్యులు కూర్చుండి ఇచ్చిపుచ్చుకొనిన మాట. తాతలు ఇచ్చిన మాటను మనుమలు మరల తమ నోటితో ఇచ్చుకొననిచో అది నిలువదని సంపీత్ మనకు తెలుపుచున్నది.