వ్యాయామ శాస్త్రంలో పరిశోధన పీజీ: శేరిలింగంపల్లి నుంచి దారి

వ్యాయామం మీద పీజీ అంటే చాలా ఇళ్లలో జిమ్ ట్రైనర్ కోర్సే అనుకుంటారు. పరిశోధన పీజీ వేరు. రోజా ఉన్న ఆటగాడి పరుగు, నిద్ర, ఒంట్లో నీరు ఎలా మారతాయి లాంటి ఒక ప్రశ్న పట్టుకొని, ఎథిక్స్ కమిటీ అనుమతితో కొలతలు తీసి, డిసర్టేషన్ రాయాలి. ట్యునీషియా, అల్జీరియా ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద ఇలాంటి అధ్యయనాలు జరిగాయి కూడా.

గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్ పీజీ ఉంది గానీ, అది జనారోగ్యం వైపు చూస్తుంది. ఆటగాడి శరీరం గురించైతే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు వెళ్లాలి. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ ఇది. ఇక్కడ స్పోర్ట్స్ న్యూట్రిషన్‌లో రెండేళ్ల ఎంఎస్సీ చదవొచ్చు. ప్రవేశ పరీక్ష ఉంటుంది. డిగ్రీలో సైన్స్ ఉండాలి, బీకాం సరిపోదు.

హాస్టల్ అంటే భయపడి అమ్మాయిని ఆపనక్కర్లేదు. లింగంపల్లి–ఫలక్‌నుమా ఎంఎంటీఎస్ ఎక్కి సంస్థ వైపు వెళ్లొచ్చు.