చుండూరు కేసు: సాక్ష్యం ఎక్కడ వీగిపోయింది?

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. కొన్ని శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక న్యాయస్థానం ఆ ఊళ్ళోనే ఏర్పడింది. బాధితుల పట్టుదల సాధించిన అరుదైన ఫలితమది. 2007 జూలై 31న ఆ న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టివేసింది. హత్యల సమయం, స్థలం, హంతకుల గుర్తింపు రుజువు కాలేదన్నది.

హత్యలే జరగలేదని హైకోర్టు అనలేదని విద్యార్థులు గమనించాలి. సంశయలబ్ధి నిందితుల హక్కు. దాన్ని వదులుకోమని ఎవరూ అనరాదు. అయితే ప్రాణభయంతో పొలాలకు అడ్డంపడి పరుగెత్తేవాడు గడియారం చూసుకుంటాడా? పదహారేళ్ళకు తీర్పు వచ్చిన కేసులో నిమిషాల లెక్క ఎంతవరకు అడగవచ్చు? శవాలను నీళ్ళపాలు చేస్తే చావు జరిగిన వేళ, చోటు చెరిగిపోతాయి. ఆ లోటు ప్రాసిక్యూషన్ ఖాతాలో పడింది.

1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళ్వెణ్మణిలో 44 మంది సజీవ దహనమయ్యారు. కింది కోర్టు శిక్షించిన భూస్వాములను మద్రాసు హైకోర్టు 1973లో విడిచిపెట్టింది. ఈ రెండు కేసులను పక్కపక్కన పెట్టుకొని చదవండి.