తుపాకి కేంద్రానిది, జింక రాష్ట్రానిది

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలును వేటగాడి కంటితో చదివినవారు అరుదు. కేంద్ర జాబితాలో రెండవ అంశం సైన్యం, ఐదవ అంశం ఆయుధాలు, తుపాకులు, మందుగుండు. వన్యమృగాల, పక్షుల సంరక్షణ మాత్రం రాష్ట్ర జాబితాలో ఇరవయ్యవ అంశం. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక విచిత్ర దృశ్యం కనిపిస్తుంది. మీరట్ నుంచి జబల్‌పూర్‌కు బదిలీ అయిన సైనికాధికారి ఒంటిమీది యూనిఫారం ఢిల్లీది, చేతిలోని తుపాకికి వర్తించే చట్టం ఢిల్లీది. ఎదుట మేస్తున్న దుప్పి మాత్రం ఆ రాష్ట్రానిది. ఉత్తరప్రదేశ్ అడవిలో నిన్నటిదాకా చెల్లిన వేట పర్మిట్టు మధ్యప్రదేశ్‌లో చిత్తుకాగితం. దుప్పిని ఏ నెలలో కొట్టవచ్చు, ఎన్నింటిని కొట్టవచ్చు, ఎవరికి ఎంత రుసుము కట్టాలి అన్నది ఆ రాష్ట్ర అటవీ శాఖ చెప్పాలి.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ అడవి మీద, ఆయుధం మీద, పొలం మీద అధికారం ఎవరిదన్న తగాదా అంతా ఈ పర్మిట్టు కాగితంలోనే ఇమిడి ఉంది. ఆ తగాదా రాజ్యాంగంతో పుట్టింది కాదు, అంతకు డెబ్బై ఏళ్ల ముందే మొదలైంది.

బ్రిటిష్ సైన్యంలో భారతదేశపు కొలువుకు ఉన్న ఆకర్షణలలో షికారు ఒకటి. ఇంగ్లాండులో వేట భూస్వాముల సొత్తు; మధ్యతరగతి ఇంటి నుంచి వచ్చిన కుర్ర లెఫ్టినెంటుకు అక్కడ ఒక కుందేలును కొట్టడానికి కూడా ఎవరో ఒక దొర అనుమతి కావాలి. ఇక్కడికి వచ్చి కంటోన్మెంటు దాటితే పులి, ఎలుగు, కణితి. ఇంట్లో దక్కని దొరతనం అతనికి ఇక్కడ సెలవు దినాల్లో దక్కేది. కెప్టెన్ జేమ్స్ ఫోర్సిత్ మధ్య భారత కొండల గురించి రాసిన పుస్తకం 1871లో వెలువడింది. అలాంటి గ్రంథాలు ఒక శాఖగా ఎదిగాయి. తరువాతి కాలంలో స్కౌటు ఉద్యమ స్థాపకుడైన బేడెన్-పావెల్ 1883లో మీరట్‌లో ప్రసిద్ధమైన కాదిర్ కప్‌ను గెలిచాడు. గుర్రం మీద బల్లెంతో అడవిపందిని వేటాడే పోటీ అది. దాని మీద ఒక పుస్తకమే రాశాడు. వేట అంటే యుద్ధానికి సాధన అన్నది సైన్యం చెప్పుకున్న సమర్థన. అందులో కొంత నిజం ఉంది, చాలా భాగం సాకు.

1878ని గుర్తుపెట్టుకోవాలి. వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం ఆ ఏడాది రెండు చట్టాలు తెచ్చింది, అటవీ చట్టం ఒకటి, ఆయుధాల చట్టం ఒకటి. మొదటిది అడవిని రిజర్వు చేసి గ్రామస్థుణ్ణి బయట నిలబెట్టింది. రెండవది అతని చేతిలో తుపాకి ఉండాలంటే లైసెన్సు కావాలన్నది. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. చరిత్రకారులు ఈ రెండు చట్టాలనూ వేర్వేరు అధ్యాయాలలో చెబుతారు గానీ, అడవి అంచున పొలం చేసుకునే రైతుకు అవి ఒకే ఏడాది పడిన ఒకే దెబ్బ. పంటను పంది తవ్వేస్తే దాన్ని కొట్టే ఆయుధం అతనికి లేదు, కొట్టినా అది సర్కారు అడవి మృగం. 1887లో మద్రాసులో సమావేశమైన కాంగ్రెస్ మూడవ మహాసభ ఆయుధాల చట్టాన్ని సవరించమని తీర్మానించింది. విన్నపాలతో నడిచిన ఆనాటి కాంగ్రెస్‌కు కూడా ఇది మింగుడుపడని అవమానం. 1930లో గాంధీ వైస్రాయ్ ఇర్విన్ ముందుంచిన పదకొండు కోరికలలో ఒకటి ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలన్నది. అహింసా ప్రవక్త జాబితాలో తుపాకి ఏమిటని ఆశ్చర్యపోయేవారు 1878ని మరచిపోయినవారే.

మినహాయింపు ఉన్న దొరకు తుపాకి సమస్య లేదు. సమస్యల్లా ఎక్కడ వేటాడాలన్నదే. నీలగిరులలో 1879లోనే ప్రత్యేకంగా వేట, చేపల సంరక్షణ చట్టం వచ్చింది. వెల్లింగ్టన్ కంటోన్మెంటు పక్కనే ఉన్న ఆ కొండలలో వేటాడదలచినవారు ఇక నిబంధనలకు లోబడవలసిందే. మధ్యపరగణాలలో రిజర్వు అడవులను షికారు బ్లాకులుగా విభజించి, దరఖాస్తు చేసుకున్నవారికి నిర్ణీత కాలానికి కేటాయించేవారు. కాశ్మీరులో దర్బారు లైసెన్సు తీసుకోవాలి. అక్కడ మార్ఖోర్ మేకలుండే మంచి లోయను ముందు చేరినవాడిదే ఆ సీజనుకు హక్కు కాబట్టి, సెలవు మొదలైన రోజునే అధికారులు పరుగు పందెంలా కొండదారి పట్టేవారు. సంస్థానాలలో వేట రాజుగారి దయ. ఆ దయ రెసిడెంటు గారి ద్వారా ప్రవహించేది. 1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యంలో వరంగల్ ప్రాంతపు నెక్కొండ దగ్గర పులిని కొట్టి భార్యతో కలిసి దిగిన ఛాయాచిత్రం నేటికీ చరిత్ర పుస్తకాలలో కనిపిస్తుంది. దొర ఏ చోటికి బదిలీ అయితే ఆ చోటి పద్ధతి నేర్చుకోవాలన్నది అప్పటికే స్థిరపడిన ఆచారం.

అయితే ఇదంతా అధికారుల కథ. మామూలు గోరా సిపాయి కథ ఇంత సుందరంగా లేదు. అతనికి కంటోన్మెంటు నుంచి షూటింగ్ పాస్ ఇచ్చేవారు. ఇద్దరు ముగ్గురు కలిసి పల్లెల మీదికి వెళ్లేవారు. భాష రాదు, ఊరి హద్దు తెలియదు. గ్రామస్థులు పవిత్రంగా చూసే నెమలిని కొట్టేవారు, చెరువు గట్టున పావురాలను కొట్టేవారు, గుడి దగ్గర కోతిని కొట్టేవారు. ఊరు అడ్డుకునేది. ఘర్షణలో తుపాకి పేలేది. చచ్చినవాడు ఎప్పుడూ ఊరివాడే, విచారణలో అది చాలాసార్లు ప్రమాదంగా తేలేది. ఇలాంటి ఘటనలు పేరుకుపోయి పాలకులకే తలనొప్పి కావడంతో పాసుల నిబంధనలను బిగించారు, కర్జన్ హయాంలో మరీ గట్టిగా. నెక్కొండలో పులి పక్కన నిలబడిన కర్జన్, సిపాయి పల్లెలో నెమలిని కొట్టడం సామ్రాజ్యానికి ప్రమాదమని గ్రహించినవాడు కూడా. ఆ రెంటి మధ్య వైరుధ్యం అతనికి తోచినట్టు లేదు.

అతని భయం ఎంత సకారణమో 1906 జూన్‌లో ఈజిప్టు చూపింది. కైరో నుంచి అలెగ్జాండ్రియా వైపు కదులుతున్న బ్రిటిష్ దళం అధికారులు కొందరు దారిలో దిన్‌షవాయ్ అనే పల్లె దగ్గర ఆగి పావురాలను కొట్టారు. అవి గ్రామస్థులు పెంచుకుంటున్న పావురాలు. గొడవ జరిగింది, తుపాకి పేలి ఊరి మహిళ గాయపడింది, పారిపోతున్న అధికారి ఒకడు ఎండదెబ్బకు చనిపోయాడు. ప్రత్యేక న్యాయస్థానం నలుగురు గ్రామస్థులకు ఉరిశిక్ష వేసింది, మరికొందరికి కొరడా దెబ్బలు. ఈజిప్టు జాతీయోద్యమాన్ని రగిల్చిన ఘటనల్లో ఇదొకటి. ఊరు మారుతున్న సైనికుడికి వేట అనుమతి ఎవరివ్వాలన్న ప్రశ్న ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

1947 తరువాత దొరలు పోయారు, షికారు పోలేదు. మెస్‌లు అవే, గోడల మీద కొమ్ములు అవే, శీతాకాలపు సెలవు అలవాట్లూ అవే. పైగా రెండు కొత్త అంశాలు తోడయ్యాయి. రెండవ ప్రపంచ యుద్ధం మిగిల్చిన జీపులు విరివిగా అమ్మకానికి వచ్చాయి. రాత్రిపూట జీపు దీపాల వెలుగులో కళ్లు చెదిరి నిలబడిపోయిన జింకను కొట్టడానికి నైపుణ్యం అక్కరలేదు. పంట రక్షణ పేరుతో తుపాకి లైసెన్సులు ఉదారంగా పంచారు. వలస పాలన నిరాకరించిన ఆయుధాన్ని స్వతంత్ర ప్రభుత్వం రైతుకు ఇవ్వడం న్యాయమే. కానీ ఆ తుపాకులు పొలం గట్టు దాటి అడవిలోకి నడిచాయి. బట్టమేక పిట్టలు, కృష్ణజింకలు ఆ రెండు దశాబ్దాలలో తరిగిపోయిన తీరు ఆనాటి ప్రకృతి శాస్త్రవేత్తలందరూ నమోదు చేశారు. 1962 చైనా యుద్ధం తరువాత లడఖ్‌లో పెద్దయెత్తున దళాలు మోహరించినప్పుడు అక్కడి టిబెటన్ జింకల క్షీణతకు సైనికుల వేట ఒక కారణమని పరిశోధకులు రాశారు. అక్కడ పర్మిట్టు అడిగేవారెవరు?

ఇదే కాలంలో అమెరికా ఇదే చిక్కుముడిని మరోలా విప్పింది. అక్కడా వన్యమృగాలు రాష్ట్రాలవే, సైన్యం కేంద్రానిది. సైనిక స్థావరాల లోపల వేటాడే అధికారులు రాష్ట్ర నిబంధనలను లెక్కచేయడం లేదన్న ఫిర్యాదుల మీద 1958లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసింది. స్థావరంలో వేటకు ఆ రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది, లైసెన్సూ తీసుకోవాలి. అయితే ఒక షరతు: ముప్పై రోజులకు మించి అక్కడ కొలువులో ఉన్న సైనికుడికి, స్థిర నివాసంతో నిమిత్తం లేకుండా, స్థానికుడికి తగ్గని షరతులతో లైసెన్సు ఇచ్చే రాష్ట్రమే దాన్ని అడగగలదు. రాష్ట్రం తన అధికారం నిలుపుకుంది, బదిలీ మీద వచ్చినవాడు పరాయివాడు కాకుండా పోయాడు. మన రాష్ట్రాల వన్యమృగాలపై ఇలాంటి బేరం ఎన్నడూ జరగలేదు. జరిగేలోపే ఆట ముగిసింది.

1969 చివర ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య సభ పులి దుస్థితిని ప్రపంచం ముందు పెట్టింది. 1970లో పులి వేట నిషేధం వచ్చింది. 1972 గణనలో తేలిన పులులు 1,827. అదే ఏడాది ఇందిరాగాంధీ ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టం తెచ్చింది. అంశం రాష్ట్రాలది కాబట్టి పార్లమెంటు నేరుగా చేయలేకపోయింది. రాజ్యాంగం 252వ అధికరణం ప్రకారం రాష్ట్రాల శాసనసభలు తీర్మానించి ఆ అధికారాన్ని అప్పగించాలి. అలా తీర్మానించిన పదకొండు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1976లో అత్యవసర పరిస్థితి నడుమ వచ్చిన 42వ సవరణ అడవులనూ వన్యప్రాణులనూ ఉమ్మడి జాబితాలోకి మార్చింది. మొదటిది అడిగి తీసుకున్నది, రెండవది అడగకుండా తీసుకున్నది. రెండింటి ఫలితం ఒకటేనని సరిపెట్టుకునేవారు ఫెడరలిజం గురించి మాట్లాడకపోవడమే మంచిది.

1972 చట్టం వేటను పూర్తిగా ఆపలేదన్నది నేడు చాలామందికి తెలియదు. చిన్న జంతువుల వేటకు, పెద్ద జంతువుల వేటకు, ప్రత్యేక జంతువుల వేటకు వేర్వేరు లైసెన్సులను అది ఏర్పరచింది. ఇచ్చేది రాష్ట్రపు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు. బదిలీ అయిన సైనికుడు మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవలసిందే. 1991 సవరణ ఆ లైసెన్సులన్నింటినీ తుడిచిపెట్టింది. అంతకు ముందే, 1982 నుంచి, ప్రాదేశిక సైన్యంలో మాజీ సైనికులతో పర్యావరణ దళాలు ఏర్పడి ముస్సోరీ కొండలలో చెట్లు నాటుతున్నాయి. నేపాల్‌లో చిత్వన్ పార్కు కాపలా 1975 నుంచే సైన్యం చేతిలో ఉంది.

వేట లైసెన్సు చచ్చింది గానీ తుపాకి లైసెన్సు బతికే ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు నివసించే ఆయుధధారి, లైసెన్సు నుంచి మినహాయింపు ఉన్నవాడైనా సరే, తన పేరు నమోదు చేయించుకోవాలని 1972 చట్టం 34వ సెక్షన్ అంటుంది. కరియప్ప, తిమ్మయ్య వంటి సేనానులను ఇచ్చిన కొడగులో కొడవలకు వలసకాలపు మినహాయింపు ఇంకా అమలులో ఉంది. జిల్లా దాటి పోయేటప్పుడు కూడా పరిమిత సంఖ్యలో తూటాలతో వెంట తీసుకుపోవచ్చు. జమ్మూకాశ్మీరులో 2012-2016 మధ్య జారీ అయిన 2.78 లక్షలకు పైగా ఆయుధ లైసెన్సుల మీద సీబీఐ దర్యాప్తు చేపట్టింది. వాటిలో గణనీయమైన సంఖ్య అక్కడ కొలువు చేసిన ఇతర రాష్ట్రాల సైనికుల పేర్ల మీద ఇచ్చినవన్నది ఆరోపణ. ఆ లైసెన్సులకు వేటతో సంబంధం లేదు. కొలువు ఉన్న చోట సులువుగా దొరికే కాగితాన్ని సొంత రాష్ట్రానికి తీసుకుపోవడమే వాటి ప్రయోజనం.

ఇక పొలం గట్టున నిలబడిన రైతు. కేరళ ప్రభుత్వం 2022లో పంటలను నాశనం చేసే అడవిపందులను చంపించే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. పంచాయతీ ఆదేశిస్తే లైసెన్సు ఉన్న తుపాకి కలవారు వచ్చి కొట్టాలి. పంది పొలంలోనే ఉంది, ఆదేశం పంచాయతీ చేతిలో ఉంది. తుపాకి మాత్రం, 1878లో మాదిరిగానే, పొరుగూరి నుంచి రావాలి.