లక్క పట్టు: గాజును లోహానికి కలిపిన పద్ధతులు – సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత నేపథ్యం

వెనుకపూత చెడిన అద్దాన్ని ‘రసం పోయిన అద్దం’ అంటాం. ఇక్కడ రసమంటే పాదరసం. తగరపు రేకును పాదరసంతో కలిపి గాజు వెనుక పూసిన పాత పద్ధతికి ఈ పలుకుబడి సాక్ష్యం. 1835లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ వెండిపూత విధానాన్ని కనుగొన్న తరువాత అద్దాల తయారీలోంచి పాదరసం క్రమంగా తొలగిపోయింది; మాట మాత్రం నిలిచింది. గాజూ లోహమూ కలిసి ఉండే వస్తువుల్లో మనకు అతి పరిచితమైన అద్దంలో ఆ రెండింటి నడుమ జిగురు లేదు. జిగురు కావలసిన చోట దేన్ని ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

అంటుకోవడం కంటే అంటుకొని నిలవడం కష్టం. వేడికి ఇత్తడి గాజుకంటే సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఎండలు 45 డిగ్రీలు దాటే సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఈ తేడాను తేలికగా తీసుకోలేం. పూర్తిగా బిగుసుకుపోయే జిగురు వాడితే ఒత్తిడంతా అతుకు మీద, పెళుసైన గాజు మీద పడుతుంది. కొంత సాగే గుణమున్న పదార్థం ఆ ఒత్తిడిని తాను భరిస్తుంది.

ఈ ప్రాంతపు లంబాడీ స్త్రీలు అసలు జిగురునే పక్కన పెట్టారు. దామరచర్ల వంటి మండలాల తండాల్లో సంప్రదాయ దుస్తులైన కాంచళి, ఫేటియాల మీద అద్దపు బిళ్లల చుట్టూ దారంతో గూడు అల్లి పట్టి ఉంచుతారు. నాణేలను, గజ్జెలను కూడా కుట్టుతోనే కలుపుతారు. గాజు, లోహం ఒకే బట్ట మీద ఉన్నా ఒకదానినొకటి పట్టుకోవు, రెండూ దారాన్నే ఆశ్రయిస్తాయి. దీన్ని అలంకరణగా మాత్రమే వర్ణించే మన వ్యాసాలు ఈ యుక్తిని గమనించలేదని నా అభిప్రాయం.

గాజుల పనిలో మార్గం వేరు. హైదరాబాదు లాడ్ బజారులో లక్కను నిప్పుల మీద మెత్తబరచి, లోహపు వలయానికి పట్టించి, అది వేడిగా ఉండగానే గాజురాళ్లను పొదుగుతారు. ఈ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. మోదుగ, రేగు వంటి చెట్లపై పురుగులు స్రవించే లక్క 75–80 డిగ్రీల వద్ద కరుగుతుంది. మన ఎండకు కరగదు, పనివాని నిప్పుకు లొంగుతుంది. ‘అంటించు’ అనకుండా ‘పొదుగు’ అనడంలోనూ అర్థముంది: రాయి పైపైన అతుక్కోదు, లక్కలో కూర్చుంటుంది.

6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిన వజ్రలేపాల్లో ఒకదానిలో లక్క, గుగ్గులు ఉన్నాయి. అవి ఆలయాలకు, విగ్రహాలకు, గోడలకు ఉద్దేశించినవి. గాజు ప్రస్తావన లేదు. కనుక లక్కగాజుల పనికి ఆ గ్రంథాన్ని మూలంగా చూపడం తొందరపాటు. అయితే వజ్రసంఘాతమనే మరో మిశ్రమంలో ఎనిమిది పాళ్లు సీసం, రెండు పాళ్లు కంచు, ఒక పాలు ఇత్తడి చెప్పాడు. మెత్తని సీసానికే పెద్ద పాలు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఇవి ఆ మిశ్రమాన్ని ఇక్కడ వాడారనడానికి ఆధారం కావు. సీసం ఈ నేలకు పరిచితమన్నంత వరకే చెప్పగలం.

1946లో స్విట్జర్లాండ్‌లో సీబా సంస్థ విడుదల చేసిన అరాల్డైట్ తరువాత ఎపాక్సీ జిగుర్లు ఇంటింటికీ చేరాయి. బలంలో లక్క వాటికి సాటిరాదు. కాని ఎపాక్సీ గట్టిపడ్డాక మళ్లీ కరగదు. రాయి పగిలితే తవ్వి తీయాలి. లక్కగాజును మళ్లీ నిప్పు దగ్గరికి తీసుకుపోతే పాత రాయి వదులుతుంది, అదే గూటిలో కొత్తది కూర్చుంటుంది.