పట్టు విడవని కండరం

నా దగ్గరికి వచ్చే కొందరు రోగులు షేక్‌హ్యాండ్ ఇస్తే వెంటనే చెయ్యి వదలలేరు. వేళ్లు నెమ్మదిగా విప్పుకోవాలి. "బకెట్ పట్టుకుంటే చెయ్యి రావడం లేదండీ డాక్టరుగారూ" అంటారు. మయోటోనిక్ డిస్ట్రోఫీ అనే ఈ జబ్బు గురించి 1909లో జర్మనీలో హాన్స్ స్టైనర్ట్ వివరంగా రాశాడు. 1918లో కంటివైద్యుడు బ్రూనో ఫ్లైషర్ ఇంకో సంగతి పట్టుకున్నాడు: ఇంట్లో పెద్దతరానికి ఉత్త శుక్లాలే, తర్వాతి తరాలకు మాత్రం జబ్బు చిన్నవయసులోనే, తీవ్రంగా. 1948లో జన్యుశాస్త్రవేత్త లయనెల్ పెన్‌రోజ్ అంతటివాడు అది భ్రమేనన్నాడు. ఫ్లైషర్ చూసిందే నిజం.

1992లో ఆధారం దొరికింది. 19వ క్రోమోజోమ్‌లోని ఒక జన్యువు చివర సీటీజీ అనే మూడక్షరాలు మామూలుగా 37 సార్లకు మించవు. ఈ రోగుల్లో 50 నుంచి వేలదాకా ఉంటాయి, తరం మారేకొద్దీ పెరుగుతాయి. కానీ ఆ భాగం ప్రొటీన్ తయారీకి పనికొచ్చేదే కాదు. మరి కండరం, కన్ను, గుండె అన్నీ ఎందుకు చెడుతున్నాయి?

జవాబు పండ్ల ఈగల నుంచి వచ్చింది. మజిల్‌బ్లైండ్ అనే ప్రొటీన్ లేని ఈగల్లో కంటి కణాలూ కండరాలూ సరిగా ఎదగవని 1990లలో తెలిసింది. 2000లో అమెరికాలో మారిస్ స్వాన్సన్ బృందం, మనుషుల్లోని అదే కుటుంబపు ప్రొటీన్లు సీటీజీలు పెరిగిన జన్యువుకు నకలుగా తయారయ్యే, సీయూజీలతో నిండిన పొడవాటి ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుంటాయని చూపింది. 2003లో మజిల్‌బ్లైండ్ జన్యువును పాడుచేసిన ఎలుకలకు బిగుసుకునే కండరాలూ శుక్లాలూ వచ్చాయి. నాకు ఈ చరిత్రంతటిలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఇదే.

మజిల్‌బ్లైండ్ సినిమా ఎడిటర్ లాంటిది. ఆర్‌ఎన్‌ఏలో ఏ ముక్క ఉంచాలో, ఏది తీసెయ్యాలో చూస్తుంది. గర్భంలో ఒక కూర్పు, పుట్టాక పెద్దల కూర్పు. రోగిలో ఈ ప్రొటీన్ సీయూజీ ముద్దల్లో చిక్కుకుపోతే కండరం మళ్లీ శైశవపు కూర్పులకే మళ్లుతుంది. క్లోరైడ్ చానల్ సరిగా తయారవదు, బిగిసిన కండరం సడలదు.

2006లో ఎలుకల కండరాలకు ఆ ప్రొటీన్‌ను అదనంగా అందిస్తే బిగుసుకోవడం తగ్గింది. ఆ మేలు మన రోగులదాకా ఇంకా రాలేదు. అందుకే మీ ఇంట్లో ఎవరికైనా పట్టు వదలకపోయినా, చిన్నవయసులో శుక్లాలు వచ్చినా నరాల వైద్యుడికి చూపించండి. జబ్బని తేలితే ఏటా ఈసీజీ తీయించండి. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మత్తు డాక్టరుకు ముందే చెప్పండి.