ముసలితనం ఎవరి లెక్కలో ఉంది?

వయసులో సంపాదించి, కొంత మిగిల్చి, ఒంట్లో సత్తువ తగ్గాక తినాలంటుంది ఆర్థికశాస్త్రం. నెలజీతం ఉన్నవాళ్లకు ఈ లెక్క సరిపోతుంది. ఏ రోజు కూలి ఆ రోజు గింజలకే చాలని మాలమాదిగ వాడల్లో మిగులు ఎక్కడిది? మావాళ్లకు పొదుపు తెలీదనడం అబద్ధం. పొదుపు చేసుకోనివ్వని చరిత్ర ఒకటుంది. దాన్నే ఇక్కడ చూద్దాం.

1947లో అంబేద్కర్ 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో రెండు సంగతులు పక్కపక్కనే పెట్టారు. భూమి ప్రభుత్వానిది కావాలి, కులభేదం లేకుండా ఊరి జనం ఉమ్మడిగా సాగు చేయాలి. ఇన్సూరెన్స్ కూడా ప్రభుత్వం చేతిలోనే ఉండాలి, వయోజనులందరికీ జీతానికి తగిన జీవితబీమా తప్పనిసరి కావాలి. భూమి, నిలకడైన కూలి లేనివాడు ప్రీమియం కట్టలేడు. అందుకే ఈ రెండింటినీ విడదీసి చదవకూడదని మేము అనుకుంటున్నాం. రాజ్యాంగంలో అవి చేరలేదు. ముసలితనంలో, జబ్బులో ప్రభుత్వ సాయం 41వ అధికరణంలోకి వచ్చింది. అదీ ఆదేశిక సూత్రంగానే. 'ఆర్థిక స్తోమత మేరకు' అన్న మెలిక కూడా పెట్టారు. ఆ సాయం ఇవ్వలేదని కోర్టుకెక్కడానికి లేదు.

తర్వాత వచ్చిన చట్టాలు ఎవరికి? 1948 ఈఎస్‌ఐ చట్టం ఫ్యాక్టరీలకు వచ్చింది, సీజన్ ఫ్యాక్టరీలను వదిలేసింది. 1952 ప్రావిడెంట్ ఫండ్ చట్టం ఆరు పరిశ్రమలతో, 50 మందికి తగ్గని ఫ్యాక్టరీలతో మొదలైంది. పొలం ఫ్యాక్టరీ కాదు. పాలేరుకు హాజరు పట్టీ లేదు. 1948 కనీస వేతనాల చట్టంలో వ్యవసాయాన్ని చేర్చారు గానీ, అది పనిచేసే రోజుకే కూలి చెప్పింది. పనిచేయలేని రోజు గురించి మాట్లాడలేదు.

1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను పెట్టింది. నెలకు 75 రూపాయలు, అంటే రోజుకు రెండున్నర. దిక్కులేనివాళ్లై, 65 ఏళ్లు నిండి ఉండాలి. అప్పట్లో కేంద్ర ఉద్యోగులు ఎక్కువమంది 58కే రిటైరయ్యేవాళ్లు. చిన్నప్పట్నుంచీ పనిలో అరిగిన ఒళ్లు ఇంకో ఏడేళ్లు ఆగాలన్నమాట! 2011లో ఆ వయసు 60కి దిగింది. రాష్ట్రాలు తమ వంతు పెంచాయి. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4,000 ఇస్తున్నారు. ఇందులో పోరాటాల పాలూ ఉంది, ఓట్ల పాలూ ఉంది.

మరి జబ్బు చేస్తే? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆపరేషన్లకు, పెద్దాసుపత్రి వైద్యానికి డబ్బు కట్టింది. ఇంటికొచ్చాక నెలనెలా బీపీ, షుగరు మాత్రలున్నాయి. పక్షవాతమొస్తే పక్కకు తిప్పాలి, కడగాలి, తినిపించాలి. ఇవన్నీ ఎక్కువగా కోడలి మీదో కూతురి మీదో పడతాయి. ఆమె పోగొట్టుకున్న కూలి ఏ బడ్జెట్‌లోనూ కనపడదు. పక్షవాతంతో పూర్తిగా మంచం పట్టినవాళ్లకు ఆంధ్రప్రదేశ్ 2024లో నెలకు 15,000 చేసింది. చూసుకోవడానికి ఖర్చవుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. అయితే సర్టిఫికెట్‌కు అందని ముసలితనం ఇంకా బయటే ఉంది.

కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు తమ వాడల్లో ఈ లెక్క రాయడం మొదలుపెట్టాలి. ఎన్నేళ్లు పనిచేశారు, మందులకు ఎంత అప్పు చేశారు, ఎవరు కూలి మానుకుని చూసుకున్నారు? పింఛను దయ కాదు, చేసిన పనికి రావాల్సిన బాకీ అని వాదించడానికి ఆ లెక్కే మనకు ఆధారం.